వైర్‌లెస్ బాబాయిగారు దిద్దిన పేజీ

మా ఎదురింటి బాబాయిగారు పోయారు. పొద్దున కాఫీ తాగుతుండగా పిన్నిగారే వీధి దాటి వచ్చి, గేటు దగ్గరే నిలబడి, "మీ బాబాయి లేరమ్మా" అన్నారు. ఆయన నాకు చుట్టం కాదు. ఉద్యోగమంతా పోలీసు కంట్రోల్ రూముల్లో వైర్‌లెస్ సెట్ ముందు కూర్చుని చేసి, రిటైరయ్యాక ఒంగోల్లో మా ఎదురింట్లో దిగారు. నేను నేరకథలు రాస్తాను. ఈమధ్య నా కథల్లో పోలీసులు పోలీసుల్లాగే మాట్లాడుతున్నారని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ మెప్పు ఆయనదే.

నా సీరియల్ చదివి ఒకరోజు వీధిలోనే పట్టుకున్నారు. "అమ్మాయ్, మీ ఎస్సై సెట్లో 'ఓవర్ అండ్ ఔట్' అన్నాడేంటి? ఓవర్ అంటే ఇక నువ్వు మాట్లాడు అని. ఔట్ అంటే మన మాటలైపోయినయ్యి అని. రెండూ కలిపి అంటే అవతలోడు ఏం చెయ్యాలి?" నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళుగా రాస్తున్నదాన్ని మరి! అయినా మర్నాడు కాయితాలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

వాళ్ళ డాబా మీద మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి తుమ్ముతూనే చదివాను. నా ఎస్సై ఒక గ్రానైట్ లారీ వెంటపడుతూ సెట్లో అరపేజీ మాట్లాడతాడు. వాన గురించి, చీకటి గురించి, తన పగ గురించి. బాబాయిగారు పెన్సిల్‌తో కొట్టేసుకుంటూ పోగా చివరికి మిగిలింది ఇంతే: "కంట్రోల్, మొబైల్ టూ. చీమకుర్తి రోడ్డు, క్వారీ మలుపు. లారీ ఒంగోలు వైపు వస్తోంది. ఆపండి."

"ఎవర్ని పిలుస్తున్నావో, నువ్వు ఏ నంబరు జీపో, ఎక్కడున్నావో ముందు చెప్పాలి. వర్ణనలుంటే ఇంటికెళ్ళి వాళ్ళావిడకి చెప్పుకోమను" అన్నారు.

ఆయన మాత్రం ఇంట్లో కూడా వర్ణనలు చెప్పిన పాపాన పోలేదు. ఫోన్ చేస్తే "కనిగిరి బస్టాండు. బస్సెక్కాను" అనడం, పెట్టేయడం. "నలభై ఏళ్ళ కాపురంలో ఒక్క ముద్దుమాట లేదమ్మా. మనిషి ఎక్కడున్నాడో మాత్రం ఎప్పుడూ తెలిసేది" అని పిన్నిగారు నవ్వేవారు.

నా పాత్రలు సెట్లో ఒకరి మాటకొకరు అడ్డుపడుతుంటే ఆయనకి నచ్చేది కాదు. "అది ఫోను కాదమ్మా. నువ్వు బొటనవేలితో మైకు బటన్ నొక్కి ఉన్నంతసేపు మిగతా అందరి నోళ్ళూ మూసినట్టే. పొట్టిగా చెప్పి వదిలెయ్యాలి. వదిలాక వినాలి" అనేవారు.

ఆ మాట వెనక ఉన్న సంగతి చాలా నెలలకి గానీ చెప్పలేదు. ఇద్దరం మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. ఏ ఊళ్ళో జరిగిందో, ఎవరి హయాంలోనో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. సెల్‌ఫోన్లు లేని రోజులు. ఉదయం సెట్ కాన్ఫరెన్స్‌లో, అంటే అన్ని స్టేషన్లూ ఒకేసారి సెట్ దగ్గర కూర్చునే వేళ, ఒక పెద్దాఫీసరు మైకు పట్టుకుని స్టేషన్లవాళ్ళని వరసగా చీవాట్లు పెడుతున్నారు. ఆయన బటన్ వదిలిన సందులో ఎక్కడో రోడ్డు మీదున్న ఒక కానిస్టేబుల్ గొంతు రెండుసార్లు వినిపించింది: "కంట్రోల్, అర్జెంట్." ఆఫీసరు "వెయిట్" అని మళ్ళీ అందుకున్నారు. పక్కనే కూర్చున్న ఆపరేటరు మన బాబాయిగారు. ముందు అతను చెప్పేది విందామని ఒక్కమాట అనాల్సింది, అనలేదు. చీవాట్లు అయ్యాక తెలిసింది, లారీ బోల్తాపడి డ్రైవరు కింద ఇరుక్కుపోయాడని. అంబులెన్సు వెళ్ళేసరికి ప్రాణం లేదు.

"వెంటనే పంపితే బతికేవాడో లేదో నాకు తెలీదమ్మా. ఇప్పటికీ తెలీదు" అన్నారు.

ఆయన ఒప్పుకున్నాక దాన్ని నేను రాస్తున్న నవలలో పెట్టాను. కానీ ఆయన మీద ప్రేమకొద్దీ నా ఆపరేటరు చేత ఆఫీసరు చేతిలోని మైకు లాగించాను. బాబాయిగారు చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"మైకు లాగానా? నేనా? నోరు కూడా మెదపలా. ఉద్యోగం పోద్దని భయపడ్డా. నన్ను గొప్పోణ్ణి చెయ్యడానికి ఆ డ్రైవర్ని వాడుకోమాక. ఎట్టా జరిగిందో అట్టాగే రాయి."

నాకు సిగ్గేసింది. తన గురించి మంచిగా అబద్ధం రాస్తే వద్దన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన మీద గౌరవం ఆరోజు రెట్టింపైంది.

ఆ ఒక్క పేజీ తిరగరాయడానికి నాకు నెల పట్టింది. అప్పటికి ఆయన మంచం పట్టారు, మాట కూడా తగ్గింది. పోవడానికి వారం ముందు, ఒక మధ్యాహ్నం, పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఆఫీసరు తిడుతున్నాడు. సందులో కానిస్టేబుల్ పిలిచాడు. ఆఫీసరు "వెయిట్" అన్నాడు. ఆపరేటరు తల వంచుకుని లాగ్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నాడు.

అక్కడికొచ్చేసరికి బాబాయిగారి కుడిచేతి బొటనవేలు దుప్పటి మీద గట్టిగా నొక్కుకుంది. కళ్ళు మూసుకునే ఉన్నారు.

"సార్" అన్నారు. గొంతు స్పష్టంగా ఉంది. "ముందు ఆ రోడ్డు మీదున్నతన్ని మాట్లాడనివ్వండి సార్."

పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను చదవడం ఆపేశాను. బాబాయిగారు బొటనవేలు పైకెత్తి, జవాబు కోసం చెవి ఒగ్గి, అలాగే పడుకుని ఉన్నారు.