గండుచీమ ఫార్ములా, నాన్న లెక్క

చేతిలోకి మొట్టమొదటి సొంత ఫోన్ వచ్చిన ఆ రోజుల్లో, బరంపురం మొత్తం మీద నా అంత తెలివైన మనిషి లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. (ఆ నమ్మకం నాతోపాటు ఇంకెవరికీ లేదు, అది వేరే సంగతి.) ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, పరీక్షలు అయిపోయాయి. భువనేశ్వర్ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ లెక్కలు చదవాలని నా కోరిక. ఫారం తెచ్చుకుని అంతా నింపేశాను, తండ్రి సంతకం చేసే చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. "మీ నాన్న ఒప్పుకోరే. ఆడపిల్లని హాస్టల్లో ఉంచుతారేటి?" అని అమ్మ అడక్కముందే తేల్చేసింది. నాన్నది బజార్లో కొబ్బరికాయల హోల్‌సేల్ దుకాణం. పొద్దున్నే లంజిపల్లిలో మా ఇంటి ముందు స్కూటర్ ఎక్కితే మళ్లీ చీకటి పడ్డాకే దిగేవాడు. రోజూ ఆయన ఎదుటికి వెళ్లడం, నోరు తెరవడం, "కాఫీ కావాలా నాన్నా" అని అడిగి వెనక్కి వచ్చేయడం. అలా మూడు వారాలు గడిచిపోయి, గడువు సోమవారం దాకా వచ్చి కూర్చుంది.

నోరు పెగలని వాళ్లకి పన్నాగాలు బాగా తడతాయి. నా ఫోన్లో ఒక యాప్ ఉండేది. ఎవరో ఒకరు ఎక్కడో చిన్న డబ్బా దాచిపెడతారు, మిగతావాళ్లు వెతికి పట్టుకుని అందులోని పుస్తకంలో సంతకం చేసి వస్తారు. అంతే ఆట. అయితే కొన్ని డబ్బాలకి చోటు సూటిగా చెప్పరు. ఫలానా గోడకి కిటికీలెన్నో చూడు, అది ఎ. ఫలానా మెట్లు లెక్కపెట్టు, అది బి. ఇలా అంకెలు తెచ్చుకుని యాప్‌లో ఉన్న కాలిక్యులేటర్‌లో వేస్తే, ఫార్ములా ప్రకారం లెక్కకట్టి మ్యాప్ మీద చుక్క పెడుతుంది. నేను స్నేహితురాలి ఇంటికని చెప్పి గంజాం వెళ్లి, ఏటి ఒడ్డున సరుగుడు తోటలో ఒక డబ్బా పాతిపెట్టి వచ్చాను. ఫార్ములా కూడా నేనే రాశాను. గంజాం గండుచీమ అని దొంగపేరు పెట్టుకుని యాప్‌లోకి ఎక్కించాను. దాచింది నేనే, వెతికేది నేనే, ఇంక ఓడిపోవడం అనే మాట ఎక్కడుంది.

శనివారం నాడు నాన్న ముందు ఫోన్ పెట్టి పందెం కాశాను. డబ్బా దొరికితే నేను అడిగింది కాదనకూడదు.

"దొరక్కపోతే?" అన్నాడు నాన్న.

"ఇంక ఏదీ అడగను" అన్నాను, గొప్పగా.

నాన్న కళ్లజోడు సర్దుకుని వివరమంతా చదివాడు. "ఎవరే ఈ గండుసీమ? పనీపాటా లేనోడిలాగున్నాడు. సరే, ఎల్దాం. ఒకటే మాట సిట్టీ, లెక్కపెట్టడం నా పని, కట్టడం నీ పని. కాయలు లెక్కెట్టి లెక్కెట్టి ముప్పై ఏళ్లయింది, నాకు తప్పు రాదు."

ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద గంజాం చేరాం. మొదటిది పాత గోడౌను గోడకున్న కిటికీలు. నేను చింత నీడలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. నాన్న గోడ వెంబడి నడుచుకుంటూ వెళ్లి వచ్చి "ఏడు" అన్నాడు. నేను వెళ్లినప్పుడు ఎనిమిది ఉన్నాయి. కిటికీ ఎవరూ ఎత్తుకుపోరు కదా. "ఇంకోసారి చూడు నాన్నా" అన్నాను మెల్లగా. "ఏం, నా మాట మీద నమ్మకం లేదేటి?" అన్నాడు. పోనీ గుట్టుగా ఎనిమిదే నొక్కేద్దామంటే, ఆయన నా భుజం మీదుగా తొంగిచూస్తూ "ఏడు నొక్కేవా?" అని అడుగుతున్నాడు. నొక్కాను. రేవు మెట్లు పదమూడు ఉండాలి, పన్నెండు అన్నాడు. రోడ్డు వార దీపస్తంభాలు ఆరు ఉండాలి, అయిదు అన్నాడు. తప్పు అని నేనెలా చెప్పను? చెబితే, మొదటిసారి వచ్చిన పిల్లకి సరైన లెక్క ముందే ఎలా తెలిసిందని అడగడూ? నా గోతిలో నేనే పడ్డాను, పైగా ఆ గొయ్యి తవ్వినవాణ్ణి దారి పొడుగునా నాన్న తిడుతూనే ఉన్నాడు.

ఒక్కొక్కటి తగ్గితే కొంప మునిగేది కాదు. కానీ నా ఫార్ములాలో ఎ, బి, సి ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. (అతి తెలివి అంటే ఇదే. కూడికలతో సరిపెట్టి ఉంటే ఎంత బాగుండేది.) ఆరువందల ఇరవైనాలుగు రావలసిన చోట నాలుగువందల ఇరవై వచ్చింది. చుక్క సరుగుడు తోట వదిలేసి, దాదాపు నాలుగు వందల మీటర్ల అవతలికి వెళ్లి కూర్చుంది. ఫోన్ చూపించిన దారినే నడిచాం. తీరా చూస్తే ఇసుకలో వలలు పరిచి, వాటి మీద చేపలు ఎండబెట్టి ఉన్నాయి. మాది కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. నాన్న తెల్లచొక్కా ఉతుకు మడత నలగకుండా, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఎండుచేపల నడుమ నిలబడి డబ్బా కోసం నాలుగు దిక్కులా చూస్తున్నాడు.

కాకుల్ని తోలుతున్న ఒక పెద్దావిడ కర్ర ఊపుకుంటూ వచ్చింది. "ఏటి బాబూ, ఏటెతుకుతన్నారు? ఎండు కవ్వళ్లు గావాలా?"

"నేదమ్మా, డబ్బా" అన్నాడు నాన్న తువ్వాలులోంచి.

"డబ్బాలో ఉప్పుసేపలున్నాయి. తెమ్మంతారా?"

నాన్న రెండు అడుగులు వెనక్కి వేశాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నవ్వు సరే, ఏడుపు మాత్రం నిజం. హాస్టలూ లేదు, ఎమ్మెస్సీ లేదు, ఇంక ఏదీ అడగనని నా నోటితో నేనే అన్నాను. "నాన్నా, ఒక్క మెట్లు మాత్రం ఇంకోసారి లెక్కపెట్టవా" అని బతిమాలాను. నా మొహం చూసి కాదనలేక మళ్లీ రేవు దాకా వచ్చాడు. ఈసారి ఆయన వెనకాలే, చెప్పుల మీద చెప్పు పడేంత దగ్గరగా దిగాను. నాన్న మొదటి మెట్టు మీద కాలు పెట్టి "లాభం" అని గొణిగాడు. రెండో మెట్టు మీద "ఒకటి" అన్నాడు.

నేను అక్కడే చతికిలబడ్డాను. మా తాత పెట్టిన పద్ధతి అది. కాయలు లెక్కపెట్టేటప్పుడు మొదటి కాయ మీద చెయ్యివేసి లాభం అనాలి, అది కొసరు, కొనేవాడికి దక్కేది, లెక్కలోకి రాదు. రెండో కాయ దగ్గర ఒకటి మొదలు. పుట్టినప్పటినుంచీ వింటున్నాను. అయినా నాన్న మెట్లకీ కిటికీలకీ కూడా కొసరు వేస్తాడని నాకు తట్టలేదు.

"నాన్నా, ఇవి మనం అమ్మేవి కాదు కదా, లాభం కూడా లెక్కలోకి రావాలి" అన్నాను. నాన్న ఆగి, వెనక్కి తిరిగి మెట్ల కేసి చూసి, "అవున్రా" అన్నాడు. మళ్లీ అన్నీ లెక్కపెట్టాలా అని నీరసపడిపోయాడు. అక్కర్లేదన్నాను. అంకెలు అలాగే ఉంచి, ఫార్ములాలో ఎ ఉన్నచోట ఎ ప్లస్ ఒకటి, బి దగ్గర బి ప్లస్ ఒకటి, సి దగ్గరా అంతే అని మార్చాను. చుక్క చటుక్కున సరుగుడు తోటలోకి గెంతింది. నాన్న ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు. "అంటే మా నాన్న పద్ధతికి కూడా ఇందులో సోటుందన్నమాట" అన్నాడు. ఆ గొంతులోని మురిపెం విని నాకు సిగ్గేసింది.

డబ్బా నాన్నే తవ్వి తీశాడు. మూత తియ్యగానే ఘాటు గుప్పున కొట్టింది. అమ్మ ఇంగువ డబ్బా. మూత లోపలి వైపు అమ్మ మేకుతో గీసిన మా ఇంటిపేరు కూడా ఉంది. ప్రపంచంలో ఇన్ని డబ్బాలుండగా నేను వంటింట్లోది పట్టుకెళ్లాను, అది నా తెలివి. నాన్న మూత కేసి చూశాడు, నా కేసి చూశాడు. పుస్తకంలో సంతకం చేసి, పెన్ను జేబులో పెట్టుకోకుండా చెయ్యి చాపాడు.

"ఫారం తెచ్చావా?"

ఫారం నా సంచిలోనే ఉంది.

"మీ అమ్మ సెప్పింది. ఇరవై రోజులబట్టి సూస్తన్నాను, ఈ పిల్ల ఎప్పుడడుగుతాదా అని. రోజూ వొచ్చి కాఫీ కావాలా అంతావు. నీ మూలంగా రెండేసి కాఫీలు తాగి నిద్దర్లు లేవు నాకు. ఇంతదూరం వొచ్చి డబ్బా పాతేవు గానీ, నాన్నా, నేను సదువుకుంటాను అని ఒక్క మాట అనలేకపోయావేటే?"

స్కూటర్ సీటు మీద ఫారం పరిచి సంతకం పెట్టాడు. నేను ఏడుస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు నేను కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. మార్కుల గురించో, హాస్టల్ గురించో ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక నా గది గుమ్మంలో తచ్చాడే పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లని కూర్చోబెట్టి నేను చెప్పేది ఒకటే, వెళ్లి అడగండి అని. చెబుతున్నంతసేపూ, బరంపురంలో అందరికంటే తెలివైనదాన్నని తిరిగిన ఆ పిల్ల నాకు గుర్తొచ్చి నవ్వొస్తుంది. తన నాన్న అనే మనిషిని తప్ప మిగతావన్నీ ఫార్ములాలో పెట్టింది, పిచ్చిమొహం.