కడప రన్‌వే కాడ కొమ్ముల ముసుగు

కడప విమానాశ్రయం గోడ బయట నిలబడి విమానం దిగేది చూడాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. కెమెరా లేకపోయినా పోండి, తోడు మంచిది కాకుంటే మాత్రం పోవద్దు.

మాది కర్నూలు విమానాల పిచ్చోళ్ల గుంపు. అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. పోయిన ఆదివారం తెల్లవారుజామున బాడిగ జీపులో బయలుదేరినాము. ఈసారి మా గుంపుపెద్ద సుధాకర్ భార్య రాజేశ్వరి కూడా వచ్చింది. ఆయమ్మది కోసిగి. విమానం నెత్తి మీద పోయేది చూసింది గానీ, నేల మీద దిగేది ఎప్పుడూ చూల్లేదంట. మొగుణ్ని ఎన్నాళ్లో బతిమాలి, అందరికీ చిత్రాన్నం చేసుకుని వచ్చింది.

సుధాకర్ జపాన్ నుంచి తెచ్చిన చెక్క దయ్యం ముసుగొకటి ఉండాది. కొమ్ములు, కోరపండ్లు. నమ్మినోడు మోసం చేస్తే ఏడ్చి ఏడ్చి దయ్యమైన ఆడదాని మొగమంట. మావోళ్లకు మాత్రం అది, విమానాలు చూసేకి పోతామంటే పెండ్లాం పెట్టే మొగం. ప్రతిసారీ ఎవరో ఒకరు అది తగిలించుకుని, విమానం నెత్తి మీదికొచ్చినప్పుడు ఫోటో దిగాల. అదీ గుంపు ఆచారం! నంద్యాల దాటేదాకా అదే జోకు, ఆళ్లగడ్డలో దోసెల కాడా అదే జోకు. నేను కోపంతో పండ్లు కొరుక్కుంటా దోసె తిన్న్యా.

పదకొండు దాటినాక కడప విమానాశ్రయం గోడ బయట కంపచెట్ల పక్కన నిలబడితే మోత వినపడింది. ఆ పూటకు దిగేది అదొక్కటే. రాజేశ్వరి కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కొండల దిక్కు చూస్తాంది. సుధాకర్ వెనకనుంచి వచ్చి ముసుగు ఆయమ్మ మొగానికి అదిమిపెట్టినాడు. కదలొద్దన్నాడు. ఏమీ కనపడలేదు, తీయండని ఆయమ్మ అంటానే ఉండాది. మగోళ్లు ఒకటే నవ్వు. ముసుగు తీసేసరికి విమానం రన్‌వే ఆ కొసకు పోయి నిలబడింది.

"దిగిందా అక్కా?" అని నన్నడిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్ల తిట్టినా. జోకుకు ఇంత రాద్ధాంతమా, ఈ ముసుగు నీకే సరిపోతాదన్నాడు సుధాకర్. సిగ్గులేని మనిషి!

అర్ధగంట ఆగితే అదే విమానం మళ్లా లేస్తాదని అందరికీ తెలుసు. అయినా ఎండంటా జీపెక్కి హారన్ కొట్టినారు. రాజేశ్వరి కదల్లేదు.

"మీరు పోండి. నేను అక్కతో బస్సుకు వస్తా."

విమానం లేసింది. కనుమరుగయ్యేదాకా ఆయమ్మ రెప్ప వేయలేదు.

కర్నూలు బస్సులో కిటికీ పక్క సీటు ఆయమ్మకిచ్చినా. మైదుకూరు రాకముందే నేను ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఆ గుంపులోనుంచి తప్పుకున్న్యా, కోపం మాత్రం తగ్గలేదు. అంతలో సుధాకర్ ఫోన్ చేసి ముసుగు యాడ పెట్టినావని భార్యనడిగినాడు. అది చిత్రాన్నం గిన్నె సంచిలోనే ఉండాది.

"నాకాడే ఉండాది," అనింది రాజేశ్వరి. "ఇంటికి రాండి, ఈసారి మీకు కడతా. దాంట్లోనుంచి ఏం కనపడతాదో మీరే చెబుదురు."