తెల్లటి పడుగు మీద ఇంజన్ ఆయిల్

మా ఇంటికి కారు సోకు కోసం రాలేదు. కాశిబుగ్గలో మా వీధి వాళ్లు నేసే జంపఖానాలు, దుప్పట్లు తీసుకెళ్లి అమ్మడం నా పని. హన్మకొండ దుకాణాలకూ ములుగు వైపు హాస్టళ్లకూ మొదట్లో మూటలు కట్టి బస్సులోనే తీసుకెళ్లేదాన్ని. ఎక్కించేటప్పుడు కండక్టర్ చేత మాటలు, దిగేటప్పుడు నడుం నొప్పి, వానొస్తే సరుకంతా తడి. చివరికి ఎవరో వాడి అమ్మేసిన చిన్న కారు ఒకటి కొన్నాం. మా ఆయన మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. బండి నడపడమంటే ఆయనకు భయం. అందుకని డ్రైవింగ్ నేనే నేర్చుకున్నాను.

మొదటిసారి ఆయిల్ మార్పించడానికి ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. బాగా చూశారు, కాదనను. కానీ బిల్లు నాలుగు వేలు దాటింది. ఆయిల్, ఫిల్టర్ నాకు అర్థమయ్యాయి. మిగతా వరుసలు ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు.

రాత్రి అన్నం దగ్గర మా ఆయన ఆ కాగితం తిప్పితిప్పి చూశాడు.

“ఆయిల్‌కింత, ఫిల్టర్‌కింత. సరే. గీ మిగిలిందంతా ఏంది?”

“నాకేం ఎరుక? సంతకం పెట్టుమన్నరు, పెట్టిన.”

“వచ్చేసారి నేనే జేస్త. దినాం మిషన్లు ఇప్పుతాన్న, బిగిస్తాన్న. గిదెంత పని?”

పక్కన మంచం మీద కూర్చున్న మా మామ అప్పుడే నోరు విప్పాడు. “చెయ్యిరా. మగ్గమైనా కారైనా నూనె తాగితెనే నడుస్తది.”

మా మామ ఆ మాత్రం మాట్లాడినా మాకు సంతోషమే. బతుకంతా చేమగ్గం మీద గడిపిన మనిషి. చూపు మందగించి, నేసిన బట్టలో పోగులు తప్పడం మొదలయ్యాక ఒకరోజు తనంతట తనే మగ్గం దిగాడు. కంటికి ఆపరేషన్ చేయించినా పాత చూపు రాలేదు. మగ్గం విప్పేసి, దుంగలు గోడవారకు చేర్చాం. ఆ తర్వాత ఆయన దారం ముట్టలేదు. పొద్దున్నే వచ్చి గడప ముందు మెట్ల మీద కూర్చునేవాడు. వీధిలో ఎవరైనా పడుగు చాపితే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. “చూడరాదా మామా” అంటే, “చూసి ఏం జేస్త బిడ్డా” అనేవాడు.

మళ్లీ ఆయిల్ మార్చే సమయం వచ్చింది. మా ఆయన ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఆయిల్ డబ్బా, ఫిల్టర్ కొనుక్కొచ్చాడు. రెండూ కలిపినా సర్వీస్ సెంటర్ బిల్లులో సగం కూడా కాలేదు. ఆ మాట మా వాడకట్టులో కనీసం నలుగురికి చెప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున పని మొదలైంది. కారు కిందికి దూరాలంటే ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండాలి. ఏం పెట్టాలా అని మా ఆయన అటూ ఇటూ చూస్తుంటే మామ గోడవారగా ఉన్న మగ్గం దుంగల వైపు చెయ్యి చూపించాడు.

“అవి పెట్టు.”

“వద్దు బాపూ.”

“ఊకెనే పడున్నయి గద. పెట్టు.”

మా ఆయన నా వైపు చూశాడు. నేను వెళ్లి ఒక దుంగ కొస పట్టుకున్నాను. దుంగలు అడ్డంగా పేర్చి, వాటి మీదికి మెల్లగా కారు ఎక్కించాను. వెనక చక్రాలకు రాళ్లు పెట్టాం. ఆయన ప్లాస్టిక్ బేసిన్ ఒకటి పట్టుకుని కిందికి దూరాడు.

ఎదురింటి అక్క వాళ్లు ఆ పొద్దునే వీధిలో పడుగు చాపారు. నేతకు ముందు పొడుగు దారాలన్నింటినీ వీధి పొడవునా నడుమెత్తున కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. దాన్నే మేము పడుగు అంటాం. ఒక్కరితో అయ్యే పని కాదు, చుట్టుపక్కల ఇళ్ల వాళ్లంతా వచ్చి చెయ్యి వేస్తారు. ఇప్పుడు వీధిలో పడుగు చాపేవాళ్లు మా దగ్గర కూడా తక్కువే. అక్కది తెల్ల దుప్పట్ల పడుగు. మా గుమ్మం ముందు నుంచి పల్లానికి, మల్లెపూల దండలా ఉంది. మామ చూడగానే లేచి లోపలికి వెళ్లబోయాడు. కొడుకు కారు కింద ఉన్నాడు కాబట్టి మళ్లీ కూర్చున్నాడు.

ఇంజన్ కాస్త వేడిగా ఉంటే ఆయిల్ బాగా దిగుతుందని వీడియోలో చెప్పారట. మేము కాస్త ఎక్కువే వేడి చేశామేమో. బోల్టు వదులవగానే ఆయిల్ ఒక్కసారిగా ధారగా వచ్చి మా ఆయన మణికట్టు మీద పడింది. “అమ్మో!” అని చెయ్యి లాక్కునేసరికి మోచెయ్యి తగిలి బేసిన్ బోర్లా పడింది. నల్లటి ఆయిల్ సిమెంటు వీధి మీద పరుచుకుని, పల్లానికి, నేరుగా పడుగు కిందికి పారింది.

“అక్కా! ఆయిలు!” అని అరిచాను.

ఆయిల్ దారానికి తగల్లేదు. కింది నుంచి పోతోంది, అంతే. కానీ మా ఆయన కారు కింది నుంచి పాకుతూ వచ్చి, కంగారులో పడుగును పైకి ఎత్తబోయి, ఆ రెండు చేతులతోనే పట్టుకున్నాడు.

“చేతులు తియ్యి! తియ్యవయ్యా సామీ!” అని అక్క కేక పెట్టింది.

ఆయన తీశాడు. తెల్లటి తడి దారం మీద రెండు అరచేతులు నల్లగా అచ్చు పడ్డాయి.

ఆ పడుగు వెనక వాళ్ల ఇంటిల్లిపాది కష్టం ఉంది. అక్క తిట్టింది. మామూలుగా కాదు, మా ఆయన చదివిన వీడియో చదువును, కొన్న ఆయిల్‌ను, కారు తయారుచేసిన వాళ్లను కూడా వదలకుండా తిట్టింది. తిడుతూనే కొంగు బిగించి, “ఏం జూస్తాన్రు? అందరు పట్టుండ్రి, ముందుగాల్ల పడుగు లేవట్టుండ్రి” అంది.

పడుగు దువ్వుతున్న వాళ్లు, మా అరుపులకు ఇళ్లలోంచి బయటికి వచ్చిన వాళ్లు, అందరూ తలో కర్రా పట్టుకున్నారు. వీధి పొడవునా బారులు తీరి, ఒకరి అడుగు ఒకరు చూసుకుంటూ, ఆ దారాన్ని జారనివ్వకుండా ఎగువకు నడిపించారు. పెళ్లి పల్లకీని కూడా అంత జాగ్రత్తగా మోయరు. పక్కింటి వాళ్లు మగ్గాల కింద పోగైన వ్యర్థపు నూలు బస్తాతో తెచ్చి ఆయిల్ మీద కుమ్మరించారు. ఒకరు బూడిద తెచ్చారు, ఒకరు ఇసుక. నేను చీపురు పట్టుకుని ఊడుస్తూ ఏడుస్తున్నాను. “ఎందుకేడుస్తవ్? జర పక్కకు జరుగు, నేనూడుస్త” అని ఎవరో నా చేతిలోంచి చీపురు లాక్కున్నారు. ఎవరో ఇప్పటికీ గుర్తులేదు.

పడుగు కొత్త చోట నిలబడ్డాక అక్క మరకల దగ్గర కూర్చుంది. గంజిలో ఇంకిన ఆయిల్ ఉతికితే పోదు. మరక ఉన్నంత మేర ప్రతి పోగునూ కత్తిరించి కొత్త దారం ముక్క అతకాలి. మా ఆయన చేతులు సబ్బుతో రుద్దుకుని వచ్చి పక్కన నిలబడితే, “నువ్వు మా దారం దిక్కు రాకు” అంది. ఆ తర్వాత తల తిప్పి మెట్ల మీద ఉన్న మామను చూసింది.

“బాపూ, గట్ల కూసుంటవేంది? నీ కొడుకు జేసిన పని నువ్వే సరిజెయ్యాలె. రా.”

“నాకు పోగు కనవడదు బిడ్డా.”

“కనవడకపోతే చేతికి దొరకదా? రా అంటాన్న గద.”

మామ వెళ్లడని అనుకున్నాను. మెల్లగా లేచి, లోపలికి పోయి, చేతులు కడుక్కుని వచ్చాడు. అక్క పక్కన పీట మీద కూర్చుని, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు పట్టుకుని మెలిపెట్టాడు. మొదటిది విడిపోయింది. రెండోది కూడా. నేను చూడలేక తల దించుకున్నాను. కాసేపటికి అక్క గొంతు వినిపించింది. “ఇగో, గట్ల.” తలెత్తి చూస్తే ఆయన ఇంకో పోగు అందుకుంటున్నాడు. అక్క అతుకు లాగి చూసింది. తెగలేదు. ఆమె మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. తన వైపున్న పోగుల్లో కొన్ని ఆయన వైపు జరిపింది, అంతే.

వాళ్లిద్దరూ అక్కడ పనిలో ఉండగా ఇక్కడ కారుది ఇంకో తంటా. మా ఆయన కింది బోల్టును మరమగ్గం బోల్టు బిగించినట్టు బలం కొద్దీ బిగించేసరికి మర అరిగిపోయి, అది ఎంత తిప్పినా పట్టలేదు. సోమవారం పొద్దున్నే ములుగు హాస్టల్‌కు దుప్పట్లు చేర్చాలి. కారులో చూస్తే చుక్క ఆయిల్ లేదు. మెయిన్ రోడ్డు మీద ఒక మెకానిక్ అన్న షాపు ఉంది. ఆదివారం మూసేస్తాడు. షాపు వెనకే ఇల్లు కాబట్టి వెళ్లి తలుపు తట్టాను. అన్నం తింటున్నట్టున్నాడు, చెయ్యి ఎంగిలిగా ఉంది. సంగతి చెప్పాను.

“చెయ్యి గిట్ట బాగ కాలిందా?” అని అడిగాడు ముందు.

“కొద్దిగా. మందు రాసుకున్నడు.”

“సరే, పో అక్కా. తిని వస్త. ఫికర్ జెయ్యకు.”

అన్నట్టే సామాన్ల పెట్టె స్కూటర్ మీద పెట్టుకుని వచ్చాడు. కింద పడుకుని చూసి, అరిగిన మర కొత్తగా కోసి, కాస్త లావుపాటి బోల్టు ఎక్కించాడు. కొత్త ఫిల్టర్ బిగించి ఆయిల్ పోయించాడు. ఇంజన్ నడిపించి, కింద చుక్క పడడం లేదని మాకు టార్చి వేసి చూపించాడు. మా ఆయన ముఖం చూసి ఏమనుకున్నాడో, “ఇంటికాడ జేసుకోవద్దని అనను అన్నా. బోల్టు మొదలు చేతితోనే తిప్పాలె, ఆఖరికి పానా పట్టాలె. లేదంటే ఆయిలు, ఫిల్టరు మీరే కొనుక్కొని నా కాడికి రాండ్రి. నాకు కూలి ఇస్తే సాలు. పాత ఆయిలు ఎక్కడ పొయ్యాల్నన్న రంది కూడ ఉండది” అన్నాడు. వీధిలో ఊడ్చి బస్తాలకెత్తిన ఆయిల్ నూలు కూడా ఆయనే స్కూటర్ మీద వేసుకుని తీసుకుపోయాడు.

ఆ రోజు ఆయిల్ మార్పు చవకగా అయిందా అని ఎవరైనా అడిగితే, కొత్త బోల్టు, మెకానిక్ కూలి, అక్కకు ఇచ్చిన కొత్త నూలు కలుపుకుంటే దాదాపు సర్వీస్ సెంటర్ బిల్లు దగ్గరికే వచ్చింది. మా ఆయన కొన్నాళ్లు ఆ ఊసెత్తితే మాట మార్చేవాడు. నాకు మాత్రం అది ఖర్చులా అనిపించలేదు. సోమవారం చీకటితోనే లేచి ములుగు వెళ్లాను. దారి పొడవునా అద్దంలో వెనక దుప్పట్ల మూటలు కనిపిస్తుంటే, వాటిలో ఏది ఎవరింట్లో నేశారో తలుచుకుంటూ పోయాను. నిన్న కర్రలు పట్టుకున్న వాళ్ల సరుకే అది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. మంగళవారమో బుధవారమో అక్క మా గుమ్మంలోకి వచ్చి, “బాపూ, కొత్త పడుగు అతికేది ఉన్నది, వస్తవా?” అని అడిగింది. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే కలిపే పని అది. వేలకొద్దీ పోగులు. ఓపిక ఉన్న మనిషి కావాలి. మామ నన్ను అడిగినట్టుగా చూశాడు. “పోయిరా మామా” అన్నాను. చెప్పులేసుకుని వెళ్లాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే, “వస్తాన్న, ఆగు” అని కేకేశాడు. ఆయన మమ్మల్ని ఆగమని అన్నది ఎన్నాళ్ల తర్వాతో!

ఇప్పుడు మా వీధిలోనే కాదు, పక్క వీధి వాళ్లు కూడా అతుకుల కోసం ఆయన్ను పిలుస్తారు. చూపు పెరగలేదు. వేళ్లే చూసుకుంటాయి. వాళ్లిచ్చే కూలి కొద్దిపాటిదే అయినా, సాయంత్రం వచ్చి ఎవరింటి పడుగు నున్నగా ఉందో, ఎవరు గంజి ఎక్కువ పెట్టారో మాకు చెబుతాడు. మా ఆయన మగ్గాల సంగతి, మామ పోగుల సంగతి. ఇద్దరూ పోటీపడి మాట్లాడుతుంటే అన్నం వడ్డిస్తూ వింటాను. వడ్డించడం మరిచిపోయి తిట్లు కూడా తింటాను.

ఎదురింటి అక్కకు నేను థాంక్స్ చెప్పలేదు. మా దగ్గర అట్లా చెప్పుకోం. ఒకసారి మాత్రం, “అక్కా, ఆ రోజు మామను కావాలనే పిలిచినవా?” అని అడిగాను. ఆమె కండెకు నూలు చుడుతూ, “కావాల్ననా? పాడా? నాకు మనిషి తక్కువ పడ్డది, పిలిచిన” అంది. అది నిజమో కాదో ఆమెకే తెలియాలి. ఏదైనా సరే, నాకు ఆమె రుణమే.

ఆయిల్ ఇప్పుడు మెకానిక్ అన్న దగ్గరే మార్పిస్తాం. డబ్బా, ఫిల్టర్ మేమే కొనుక్కుని వెళతాం. పోయిన నెల వెళ్లినప్పుడు, “కొత్త ఆయిలు నువ్వే పొయ్యి అక్కా” అని గరాటు నా చేతికిచ్చాడు. తేనె రంగులో చిక్కగా, చప్పుడు లేకుండా దిగుతోంది. పక్కన టీ కొట్టు నుంచి మా ఆయన రెండు గ్లాసులు పట్టుకుని వచ్చి, ఒకటి మెకానిక్ అన్న ముందు పెట్టాడు. “మెల్లగ పొయ్యి, ఒలకనియ్యకు” అన్నాడు నాతో. మెకానిక్ అన్న పెద్దగా నవ్వాడు. ఒలికిన ఆయిల్ సంగతికి మా ఆయన కూడా అప్పుడే మొదటిసారి నవ్వాడు.