మామ ఓటుకు తోడు

మొన్న పొద్దున కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే సెల్‌ఫోనుకు ఒక సందేశం వచ్చింది. అన్ని పార్టీల్లో ఉన్న దివ్యాంగుల విభాగాలూ ఒక్కటి కావాలట, వచ్చే ఆదివారం తిరుచానూరులో ఒక కల్యాణమండపంలో సమావేశమట, ఐక్యత వల్ల కలిగే లాభాలను పెద్దలు వివరిస్తారట, మధ్యాహ్నం భోజనాలు కూడా ఉన్నాయట. నేను రెండుసార్లు చదువుకుని, పంపినాయనకు ఫోను చేసి, భోజనాలు ఎవరు పెడుతున్నారు నాయనా అని అడిగాను. ఆయన నవ్వి, అమ్మా మీకు అన్నీ అనుమానాలే అన్నాడు. అనుమానాలే మరి. పోలియో కాలికి ఇనుప పట్టీలు కట్టుకుని ఈ తిరుపతిలోనే జుట్టు నెరిసిన మనిషిని, నన్ను పట్టి బస్సు ఎక్కించిన వాడికి దండం పెట్టి, వెంటనే సంచీ తడిమి చూసుకోవడం నాకు చిన్ననాటి నుంచి అలవాటు. పైగా ఐక్యత అనే మాట మేము మొదటిసారి విన్న రోజున కూడా మాకు కడుపునిండా భోజనం పెట్టారు.

అప్పట్లో నేను అలిపిరికి పోయే దారిలో ఎస్టీడీ బూత్ నడిపేదాన్ని. వికలాంగులకు బూత్‌లు ఇచ్చే రోజులవి, నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కొండ దిగి వచ్చినవాళ్ళు గుండుకు చందనం పూసుకుని, లడ్డూల సంచీ ఒళ్ళో పెట్టుకుని, దర్శనం బాగా అయిందని ఊళ్ళకు కేకలేసి చెబుతుంటే, నాకు రాని భాషల్లో కూడా ఆ ఒక్క మాట అర్థమయ్యేది. ఆ బూత్ నాకు రావడానికి ఊళ్ళో పార్టీ పెద్దమనిషి ఒకాయన సిఫారసు చేశాడు, ఆ సిఫారసు చేయించింది మా మామ.

మామ అంటే మా అమ్మకు అన్న, పుట్టినప్పటి నుంచి చూపు లేదు. వైరు కుర్చీలు అల్లేవాడు. మునిసిపల్ ఆఫీసులో సభ్యులు కూర్చునే కుర్చీలన్నీ ఆయన చేతిమీదుగా పోయినవే. ఆ కుర్చీల్లో ఒకదానిలో తనూ కౌన్సిలరుగా కూర్చోవాలని ఆయనకు ఒకే ఒక్క కోరిక, దాన్ని దాచుకునే మనిషి కూడా కాదు. పార్టీలో వికలాంగుల విభాగానికి ఆయనే పెద్ద. ఊరేగింపులో అందరికంటే ముందు నిలబడి, గొంతు బొంగురు పోయేదాకా నినాదాలు ఇచ్చేవాడు, కానీ సభ మొదలయ్యేసరికి ఆయనను వేదిక కింద చాప మీద కూర్చోబెట్టి, చివర్లో ఒక దుప్పటి కప్పి ఫోటో తీసుకునేవాళ్ళు. మా ఇంట్లో ఆ దుప్పట్లు బీరువా నిండా ఉండేవి.

రెండో పార్టీలో అదే పనికి ఉన్నవాడు మా వీధి దర్జీ. సాయిబుల ఇంటి మనిషే అయినా ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆయనను చిన్నాయన అనే పిలిచాను. ఒక కాలు చచ్చుబడిపోయి చంకకర్రతో నడిచేవాడు, చేతిమిషను మీద జాకెట్లు కుట్టేవాడు, నా జాకెట్లన్నీ ఆయన కుట్టినవే. కానీ మామకూ ఆయనకూ ఉప్పూ నిప్పూ. ఎవరి ప్రయత్నం వల్ల పింఛను వచ్చింది, ఎవరి వల్ల మూడు చక్రాల బండ్లు వచ్చాయి అని ఇద్దరూ వీధికి ఆ చివరా ఈ చివరా కూర్చుని వాదించుకునేవాళ్ళు.

ఇంతలో మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి, ఆ రెండు పార్టీలకూ పొత్తు కుదిరింది. మా పెద్దమనిషి రెండు విభాగాల వాళ్ళనూ ఒక సత్రానికి పిలిపించి, పప్పూ పాయసంతో భోజనం పెట్టించి, గుడ్డివాడు కుంటివాడిని భుజానికెత్తుకుని మామిడికాయలు కోసిన కథ చెప్పాడు. మీరూ అలా ఒక్కటైతే మిమ్మల్ని ఆపేవాడు ఉండడన్నాడు. ఒక్కటై ఒక్క పేరు చెప్పండి, మా వార్డు టికెట్టు వికలాంగుడికే అని మాట ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే మామ మాత్రం నా వైపు వంగి, "అంతా బాగుండాది పాపా, ఆ మోసినోడి నడుము ఏమైందో ఎవురూ సెప్పరే," అన్నాడు. చిన్నాయనకు ఆ మాట వినబడింది. "పైన కూసున్నోడికి కాయలు దక్కినాయని మాత్రం ఎవురు సెప్పినారు పెద్దాయనా?" అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు నవ్వుతూ మాట్లాడుకోవడం నేను అదే మొదటిసారి చూడటం, నాకు అదీ అనుమానంగానే తోచింది.

పెద్దమనిషి వెళ్ళిపోయాక అసలు తగాదా మొదలైంది. కలిస్తే బలం పెరుగుతుందని, ఆఫీసుల్లో మన మాట వింటారని ఒకరి తర్వాత ఒకరు చెప్పి, కలవడానికి అందరూ ఒప్పుకున్నారు, కానీ ఎవరి పేరు పంపాలి? చేతులెత్తండి అంటే, ఎన్ని చేతులు లేచినాయో మాకెట్లా తెలుస్తుంది అన్నారు చూపులేని వాళ్ళు. నేను లెక్కపెడతానంటే, నువ్వు ఆయన మేనకోడలివి గదా అన్నారు చిన్నాయన వైపు వాళ్ళు. పోనీ నోటితో చెప్పండి అంటే, మాటా వినికిడీ లేని అన్నదమ్ములిద్దరు సంగతి తెలుసుకుని కోపంతో లేచి నిలబడ్డారు. మామ కావాలన్నవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి ఆయన చేతిని తాకి పోండని ఎవరో అన్నారు. చిన్నాయన ససేమిరా అన్నాడు. "చెయ్యి తగిల్తే సాలు, అది ఎవురిదో ఈయప్పకు తెలిసిపోతాది. రేపు తాకనోళ్ళను సాధిస్తాడు," అన్నాడు.

చివరికి సత్రం వంటింట్లోంచి ఒక కుండ తెప్పించి, మామకైతే చింతగింజ, చిన్నాయనకైతే గులకరాయి వేయాలని తేల్చారు. అలా నలుగురు వేశారో లేదో చిన్నాయన కర్ర నేలకు కొట్టి ఆపించాడు. రాయి పడితే ఒక సద్దు, గింజ పడితే ఇంకొక సద్దు, ఈ పెద్దాయన కూర్చున్నచోటే అంతా లెక్కేసుకుంటున్నాడని ఆయన అభియోగం. మామ కాదనలేదు, మీసాల్లో నవ్వుకున్నాడు. కుండలో పాతగుడ్డ పరిచి మళ్ళీ మొదలుపెట్టారు. మామ వేళ్ళతో తడిమాడు, చిన్నాయన కళ్ళతో చూశాడు, చింతగింజలే ఎక్కువ. చిన్నాయన మొహం మాడ్చుకునే ఉన్నా, మామ పేరు తనే వెళ్ళి పెద్దమనిషికి చెప్పి వచ్చాడు.

టికెట్టు పెద్దమనిషి బావమరిదికి వచ్చింది. చెరకు గానుగలో పడి అతనికి ఎప్పుడో చిటికెనవేలి కొస తెగిందట, అందుకని అతనూ వికలాంగుడేనట, కాబట్టి మాట తప్పలేదట. ఆ వేలితోనే అతను మోటారుసైకిలు తోలడం ఊరంతా చూసేది.

మామ మూడు పూటలా అన్నం ముట్టలేదు. ఆ దర్జీవాడే లోపల ఏదో చేసి ఉంటాడని ఆయన, ఆ గుడ్డాయనే దేనికో అమ్ముడుపోయి ఉంటాడని ఈయన. మామ నా బూత్‌లో స్టూలు మీద కూర్చుని ఉన్న ఒక సాయంత్రం చిన్నాయన కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, మామను చూసి కూడా చూడనట్టే గాజుతలుపు తెరిచి, పెద్దమనిషి ఇంటికి ఫోను కలపమన్నాడు. కలిపాను. తలుపు వేసుకోలేదు. ఏమి అన్యాయమప్పా అని గట్టిగా అడిగాడు, ఆపైన కొంచెంసేపు విన్నాడు, విని విని చెయ్యి చాచి ఆ రిసీవరును మామ చెవికి ఆనించాడు. అవతల పెద్దమనిషి ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఆ మాటలు నా వరకూ వినిపిస్తున్నాయి. "నేనేం సేసేదప్పా, మీ పెద్దాయనే వచ్చి నాకొద్దని తప్పుకున్నాడు. మీవోళ్ళ కింద పనిసేసేది ఆయనకు నామోషీ అంట," అంటున్నాడు.

మామ రిసీవరు తనే తడిమి పెట్టేశాడు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు నా బూత్ ముందు బల్ల మీద కూర్చున్నారు. నేను టీ తెప్పిస్తే తాగారు.

ఓటు రోజున, ఎప్పటిలాగే నేను మామను స్కూలుకు తీసుకుపోయాను. చూపులేని వాళ్ళు తమ ఓటు వేయడానికి ఒక తోడును లోపలికి తీసుకుపోవచ్చు, ఎవరికి వేసిందీ ఆ తోడు బయట చెప్పకూడదు. నాకు ఓటు వయసు వచ్చినప్పటి నుంచీ ఆ తోడు నేనే. గుమ్మం దగ్గర మామ నా భుజం మీద నుంచి చెయ్యి తీసేశాడు. "నువ్వుండు పాపా. ఈసారికి భాయ్ వస్తాడు," అన్నాడు. వరుసలో వెనక ఉన్న చిన్నాయన కర్ర ఊనుకుంటూ ముందుకు వచ్చాడు. ఇద్దరూ ఆ అట్టల మరుగుకు పోయారు. నేను బయట ఎండలో నిలబడ్డాను. ఎంత ఏడుపు వచ్చిందో చెప్పలేను.

నా బూత్ ఆ పెద్దమనిషి సిఫారసుతో వచ్చింది కాబట్టి, నాకు ఇబ్బంది రాకుండా మామ నన్ను తప్పించాడా? లేక అదే కారణంతో, తను చెప్పింది కాక నేను వేరే గుర్తు మీద ముద్ర వేస్తానని అనుకున్నాడా? అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, అడగలేదు. బావమరిది గెలిచాడు. మామ ఎవరికి వేయించాడో చిన్నాయన చివరిదాకా నాకు చెప్పలేదు. మామ పోయాక కూడా, జాకెట్టు కొలత తీసుకుంటున్నప్పుడు నేను ఆ మాట కదిపితే, "అది ఆయప్ప సొత్తు పాపా," అని టేపు మడతపెట్టుకున్నాడు.

ఇప్పుడు చాలా మారింది. పార్టీ ఆఫీసులకు వాలుదారులు కట్టారు, వేదికల మీద మాకూ కుర్చీలు వేస్తున్నారు, మమ్మల్ని పిలిచే పేరు కూడా మార్చారు. ఓటు యంత్రం మీద వేలితో తడిమి చదువుకునే అంకెలు వచ్చాయి. ఈ మధ్య ఎన్నికల్లో మా వీధిలో చూపులేని ఒకావిడ ఎవరి తోడూ లేకుండా లోపలికి పోయి, తన ఓటు తనే వేసి, నవ్వుకుంటూ బయటికి వచ్చింది. ఆమెను చూస్తే నాకు సంతోషమే కలిగింది, అందులో అబద్ధం లేదు. ఎవరినీ నమ్మాల్సిన అవసరం ఆమెకు లేదు. మా మామకు ఆ అవసరం ఉండింది, తన ఓటును ఇంకొకరి చేతిలో పెడితే తప్ప ఆయనకు గడవదు, ఆ రోజు ఊరంతా వెతుక్కుంటే ఆయన నమ్మడానికి ఒక్క మనిషి దొరికాడు. ఆ మనిషిని నేను కాను.