పాత టైర్లు అని రాయాల్సింది

మొన్న సోమవారం పొద్దున మా పెద్దనాన్న పోయారు. కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే రోడ్డు పక్కన లారీ టైర్లకు పంక్చర్లు వేసేవారు. మీలో కొందరైనా ఆయనను చూసే ఉంటారు. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ఏడుపు కన్నా ముందు కోపం వస్తోంది. అందులో సగం నా మీదే.

మా ఊరి బాటలో ఒక చిన్న కల్వర్టు ఉంది. దానికి అటూ ఇటూ పోసిన మట్టి ప్రతి వానకాలం జారిపోతుంది. కాన్పుకు వెళ్లే మనిషినైనా మోకాలి లోతు బురదలో మోసుకెళ్లాల్సిందే. అది చూడలేక పెద్దనాన్న ఒకరోజు దుకాణం వెనక నాలుగు అరిగిన టైర్లు పక్కపక్కన పరిచి, తీగతో కట్టి, లోపల మొరం నింపి దిమ్మిసతో గట్టిగా కొట్టారు. వాటి మీదికి వడ్ల బస్తాల బండి ఎక్కించారు. టైర్లు అంగుళం కూడా దిగలేదు.

"సూసినవా బిడ్డా? మట్టి సెడ్డది గాదు. దానికి నడుం గట్టెటోడు లేడు, గంతే."

కల్వర్టుకు అటూ ఇటూ ఇట్లాగే టైర్లు పరచమని మిర్యాలగూడలోని ఇంజనీరు ఆఫీసుకు దరఖాస్తు నేనే రాశాను. గ్రంథాలయంలో కొత్త మాటలు ఏరుకుంటున్న రోజులవి. ఆయన "పాత టైర్లు అని రాయి" అన్నారు. నాకు 'పాత' చప్పగా తోచింది. 'వ్యర్థ టైర్లు' అని గుండ్రంగా రాసి చదివి వినిపించాను.

"అబ్బో! నాకే సమజ్ కాలే. ఆఫీసరుకు మస్తు నచ్చుతది తియ్," అని నవ్వారు.

ఆఫీసరు కాగితం మీద ఆ మాట దగ్గరే ఆగారు. "వ్యర్థమని మీరే రాసుకొచ్చారు కదయ్యా. చెత్త పోసి రోడ్డు వేయమంటారా?"

"జర ఒక్కపారి వచ్చి సూడుండ్రి సార్. బండి ఎక్కించి సూపిస్త."

రాలేదు. మాట మార్చి మళ్లీ రాశాను. వద్దన్నామని ఫైల్లో ఉందన్నారు. మూడు వానకాలాలు ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు పెద్దనాన్న. పంక్చరైన ట్యూబును నీళ్లలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందోనని రెప్ప వేయకుండా చూసేవారు. ఆ దరఖాస్తును నేను ఒక్కసారి అట్లా చూసుకోవాల్సింది.

ఆఫీసరు మొదట కాదన్న రోజు తిరుగు బస్సులో నేను కళ్లు తుడుచుకుంటుంటే, "మాటదేం తప్పు? వచ్చి సూసెటానికి ఆయనకే కాళ్లు లేవు. నువ్వు రాసుడు మాత్రం బంద్ చేయకు" అన్నారు. నన్ను అంతకుమించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నిన్న దుకాణం ఖాళీ చేశారు. టైర్లన్నీ కాల్చడానికి ఇటుక బట్టీకి వెళ్లిపోయాయి. సాయంత్రం కల్వర్టు దగ్గర ఒక ట్రాక్టరు మళ్లీ ఒట్టి మట్టి దింపి పోయింది. బట్టీ నుంచి లేచిన నల్లటి పొగ ఆ తడి మట్టి మీదుగా, నాట్లేసిన పొలాల మీదుగా, పక్కనే ఉన్న చిలుకూరు వైపు మెల్లగా సాగింది.