అవ్వ మీద అనుమానం, డాబా మీద మందు

ఒంటికి బలమిచ్చే మందు చేయబోయి ఇంట్లో పరువు పోగొట్టుకున్న కథ చెప్తాను. ఎంతైనా నవ్వండి, మా అవ్వ ముందు మాత్రం నవ్వకండి. ఆమెకు ఇంకా కోపం తగ్గలేదు.

తెలంగాణ కోసం బొగ్గు బాయిల్లో, అంటే గనుల్లో, సమ్మె నడిచిన ఏడాది అది. అప్పటికి నాది కొత్త బీఎస్సీ, పాత అనుమానపు బుద్ధి. గోదావరిఖనిలో మా డాబా మీద తిప్పతీగ, నేలవేము, ఉసిరి ఎండబెట్టి పొడి చేసేవాళ్లం. ఎండబెట్టి దంచేది అవ్వ. తూచి సీసాల్లో పోసి, పెద్ద సైంటిస్టులా మొహం పెట్టేది నేను. దాన్ని అమ్మిపెట్టడానికి మందుల దుకాణం అన్న ఒక్కటే షరతు పెట్టాడు.

"మూడుసార్లు జేస్తే మూడుసార్లు ఒక్కతీరుగ రావాలె తమ్మీ. రంగు మారిందో, నా దుకాణంల పెట్ట."

మొదటిసారి పొడి నల్లగా వచ్చింది. రెండోసారీ అచ్చం అంతే నలుపు! బాయిలో పనిచేసే మా బావ రోజూ పొద్దున చెంచాడు వేసుకుని "మస్తుగున్నదిరా" అనేవాడు. మూడోసారి సమ్మె రోజుల్లో చేశాం. పచ్చగా వచ్చింది. నా దుకాణం ఆశలు గంగలో కలిశాయి.

ఇంకేముంది, నా కళ్లు అవ్వ మీద పడ్డాయి. పొడి డబ్బాకు తాళం వేశాను. రోలు వాసన చూశాను. చెప్పుకుంటే సిగ్గుచేటు, మధ్యాహ్నం కునుకు తీస్తున్న అవ్వ చేతులు కూడా వాసన చూశాను. ఆమె కళ్లు తెరిచింది.

"అవ్వా, నిజం చెప్పు. ఏం కలిపినవ్?"

"నేనేం కలుపుత బిడ్డా? నువ్వు తెచ్చిన ఆకే దంచిన."

"మరి నలుపు యాడికి వోయింది?"

అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఒకదాంట్లో పాత పొడి, ఇంకోదాంట్లో కొత్త పొడి కలిపి నా ముందు పెట్టింది. కాసేపటికి పాత పొడి గ్లాసు అడుగున నల్లటి మడ్డి పేరుకుంది.

"గిది ఏ చెట్టు ఆకురా?" అంది.

సమ్మె వల్ల ఇంట్లోనే ఉన్న బావ ఆ మడ్డిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "బొగ్గురా ఇది! బొగ్గు లారీలు నడిచినన్ని దినాలు డాబా మీద దుమ్ము వడ్డది. సమ్మెల లారీలు బంద్ అయినయ్, ఆకు ఆకు లెక్కనే ఎండింది."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈలోపు బావ చూపు, తాను సగం ఖాళీ చేసిన పాత సీసా మీదికి పోయింది.

"అరే, ఊరంత సమ్మె జేసి బొగ్గు ముట్టకపోతిమి. నాతోని మాత్రం దినాం చెంచెడు మింగిస్తివి గదరా!"

అప్పుడే అవ్వ కాళ్లు పట్టుకుని ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎవరి చేతులూ వాసన చూడను. అంతగా అనుమానం వస్తే, ముందు మా డాబా ఊడ్చుకుంటాను.