మా తాత చదివిన గ్రీకు నిఘంటువు

మా వంశానికి జరిగిన నష్టాల్లో పొలాలు పోవడం, మేడ కూలడం చిన్నవి. అసలు ప్రళయం గద్వాలలో ఒక యునానీ మందుల దుకాణంలో, ఒక ఆదివారం, నా చేతుల మీదుగా జరిగింది. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వేయండి. చివరిదాకా నవ్వుతారని నేను మాటివ్వలేను.

ఆత్మకూరులో మా ఇంట్లో అన్నీ పోగా మిగిలింది ఒక్కటే: తాతగారు ఇంగ్లండు నుంచి తెప్పించిన ప్రాచీన గ్రీకు నిఘంటువు. చంటిపిల్లవాడంత బరువు. కళ్లెం దొరికిందని గుర్రాన్ని వెతికినవాడిలా, ఆ పుస్తకం ఉంది కదా అని నేను ఆన్‌లైన్ గ్రీకు తరగతిలో చేరాను. గద్వాలలో యునానీ వైద్యం చేసే కరీం హకీం అక్కడే పరిచయమయ్యారు. యునానీ అంటే గ్రీకే కాబట్టి, తన వైద్యం పుట్టిన భాషలో ఒక్క పాత వైద్యగ్రంథమైనా చదవాలని ఆయన కోరిక. పై తరగతిలో చేరాలంటే ఇద్దరిద్దరు జోడీగా ఉండాలని మాస్టారి నియమం. మా చుట్టుపక్కల ఈ పిచ్చి ఉన్నది మా ఇద్దరికే. అందుకని ప్రతి ఆదివారం బస్సెక్కి ఆయన దుకాణానికి పోయేవాణ్ణి.

ఆయన ఫోనులో గ్రీకు మాట కొడితే చాలు, అర్థం వచ్చేది.

"అది కిరాయి చదువు హకీం సాబ్. మా తాతగారు పొద్దుగాల లేస్తే నిఘంటువే చదివేటోళ్లు."

"అయితే జర తీసుకరారాదు రావు సాబ్? సిగ్నల్ పోతే నాది గుడ్డోని బతుకైతుంది."

తీసుకెళ్లాను. బస్సులో కండక్టరు సంచి ఎత్తి చూసి, "ఏందిది సారూ, ఇటుకలా?" అన్నాడు.

"చదువు" అన్నాను, వెన్ను వంచకుండా.

దుకాణంలో రోగులు కూర్చుని ఉన్నారు. వాళ్లకూ వినపడేలా, "ఆ ఫోన్ పక్కకు పెట్టుండ్రి" అని ఆజ్ఞాపించి పుస్తకం తెరిచాను. తెరిచాననుకున్నాను. పుటలు విడలేదు! కొన్ని పాత పుస్తకాలు కాగితం మడతలు కోయకుండానే వచ్చేవట. చదివేవాడే కత్తితో కోసుకోవాలి. మా పుస్తకంలో మొదటి నుంచి చివరిదాకా ఒక్క మడత కూడా తెగలేదు.

ఒక రోగి దగ్గు ఆపుకొని, "పెద్దదొర మూసే సదివేటోడేమో" అన్నాడు.

హకీం నవ్వలేదు. నన్ను చంపింది అదే. లేహ్యం తీసే పలుచటి కత్తిని శుభ్రంగా తుడిచి నా ముందు పెట్టారు.

"ఏం గాదు రావు సాబ్. ఇయ్యాల మనమే కోసుకుందాం. మీరు కోయుండ్రి, నేను సదువుత."

"మా తాతగారి పుస్తకం మీద కత్తి పెడ్తరా?" అని గద్దించి, దాన్ని చంకనెత్తుకొని వచ్చేశాను. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నవాడే నయం. మా తాత నేతిగిన్నె మూతే తీయలేదు.

హకీం చాలాసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఏడాదికి పైగా గద్వాల దారే పట్టలేదు. మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం వంటింటి కత్తి తెచ్చి, కూర్చుని, మడతలన్నీ కోశాను. లోపలి కాగితం ఎవరి చూపూ సోకక తెల్లగా ఉంది. మళ్లీ బస్సెక్కాను.

"రాండ్రి, చాయ్ తాగుండ్రి" అన్నారు హకీం, నిన్ననే కలిసినట్టు.

"పుటలన్నీ కోసిన హకీం సాబ్. చదువుదాం."

"గ్రీకు బంద్ వెట్టిన. జోడీ లేదని పై క్లాసుల తీసుకోలే. ఒక్కన్నే కూసొని జర చూసిన. తప్పు నీదంటే నీదని కొట్లాడనీకె మనిషి లేకపాయె." చాయ్ గ్లాసు నా ముందుకు జరిపి, "ఫోన్ల డిక్షనరీ గూడ తీసేసిన. మనుమరాలి ఫోటోలకు జాగ సాల్తలేదు" అన్నారు.

పుటల అంచుల మీద వేలు నడిపి, "మంచిగ కోసిండ్రు" అని పుస్తకం మూశారు.

దాన్ని అక్కడే వదిలి వచ్చాను. ఫ్యాను గాలికి మందు చీటీలు ఎగరకుండా వాటి మీద పెట్టుకుంటున్నారట. తరాలు గడిచాక ఆ నిఘంటువును వాడుకున్న మొదటి మనిషి ఆయనే.

కనుక కూలిన మా మేడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మా తాత ఏం చదివాడో ఎవరికీ చెప్పను. స్నేహితుడు కత్తి చేతికిస్తే, నోరు మూసుకొని పుటలు కోస్తాను.